మా అత్త వాసెన కట్టిన ఢిల్లీ మిషను

మా ఊళ్ళో మూత లేని వస్తువంటూ ఉండదు. నీళ్ళబిందె మీద పళ్ళెం, పళ్ళెం మీద గుడ్డ. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, స్కూటరు మీద పాత దుప్పటి. ఆరేసిన బట్టల మీద ఇంకో బట్ట ఆరేసే ఊరు మాదొక్కటేనేమో. పెళ్ళయిన కొత్తలో నేను వరండాలో అన్నం కలుపుకుని కూర్చుంటే మా అత్త పరుగున వచ్చి నా కంచం మీద ఇంకో కంచం బోర్లించేసింది. "ఇదేటి అత్తా, తిననివ్వవా?" అంటే, "తినవే, ఎవులొద్దన్నారు? ముద్దకీ ముద్దకీ మజ్జిన మూసుకో" అంది. హాస్యమాడుతోందనుకున్నాను. ఆవిడ హాస్యమాడే మనిషి కాదని తర్వాత తెలిసింది.

దీనికంతటికీ కారణం ఊరి చివరనున్న ఇనుము కరిగించే ఫ్యాక్టరీ. దాని పేరు చెప్పను, ఊరి పేరూ చెప్పను. మా ఆయన ఇంకా అందులోనే బట్టీల దగ్గర పనిచేస్తున్నాడు, నాకు ఇంట్లో మనశ్శాంతి కావాలి. విజయనగరం జిల్లా అయిపోయి శ్రీకాకుళం జిల్లా మొదలయ్యే చోట ఎక్కడో అనుకోండి. దాని గొట్టంలోంచి వచ్చే దుమ్ము కాటుకలా నల్లగా, మెత్తగా ఉంటుంది. పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. అలాగని ఫ్యాక్టరీని నోరారా తిట్టుకునే భాగ్యం కూడా లేదు మాకు. అది లేకపోతే మా వీధిలో సగం పొయ్యిలు వెలగవు. అంచేత తిట్టేటప్పుడు కాస్త గొంతు తగ్గించి తిడతాం.

వస్తువులతోనే పోయి ఉంటే మూతలు పెట్టుకుంటూ బతికేసేవాళ్ళం. కానీ మా చిన్నదానికి ఆయాసం పట్టుకుంది. నడక నేర్చినప్పటి నుంచీ దాని ఛాతీలో పిల్లికూతలే. పొద్దున్న లేచి నాలుగు మెట్లు దిగితే కూర్చుండిపోతుంది. నోట్లో కొట్టుకునే మందు గొట్టం పలకాబలపంలాగే దాని బడిసంచిలో ఒక సామాను. శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు నెమ్మదైన మనిషి, నెమ్మదిగానే చెప్పాడు: "మందులు రాస్తూ పోతానమ్మా. కానీ మీరు ఊరు మారిస్తే మంచిది."

భావనపాడులో మా అక్క ఉంది. సముద్రం ఒడ్డున ఇల్లు, బావకి పడవ. వేసవి సెలవులకి వెళ్తే మా చిన్నది అక్కడి పిల్లలతో ఇసకలో పడి దొర్లేది, మందు గొట్టం సంచిలోంచి బయటికి వచ్చేదే కాదు. మా అక్క ప్రతిసారీ అదే పాట. "గుంటపిల్లని నాకిచ్చీవే. ఇక్కడి బళ్ళో ఏస్తాను. నీకు దాని మీద ప్రేముందా, పంతముందా?" నాకు రెండూ ఉన్నాయి. ఇంకా పక్క తడిపే వయసు దాటి ఎన్నాళ్ళో కాని పిల్లని ఎవరింట్లోనో పెట్టి నేను వేరే ఊళ్ళో కూర్చుని ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పాలా? ఊరు మారాల్సింది పిల్లా, పొగా? పొగనే మారుస్తాను, పిల్లని మాత్రం పంపనని మా అక్క మొహం మీదే చెప్పి వచ్చాను. నా నోరు అలాంటిది, ముందు అనేస్తుంది, తర్వాత చేసి చావాలి.

నేను సర్కారు బడిలో సోషల్ టీచర్ని. పర్యావరణాన్ని కాపాడటం ప్రతి పౌరుడి బాధ్యత అని ఏటేటా బోర్డు మీద రాసి, పిల్లల చేత వల్లె వేయించి, పరీక్షలో మార్కులు వేస్తాను. అంత గట్టిగా చెప్పే విషయం ఎవరో ఒకరు పట్టించుకోకపోతారా అని అర్జీలు పెట్టడం మొదలెట్టాను. పంచాయతీ వాళ్ళు ఇది మండలం పని అన్నారు. మండలం వాళ్ళు జిల్లా అన్నారు, జిల్లా వాళ్ళు రాష్ట్రం అన్నారు, రాష్ట్రం వాళ్ళు ఇలాంటి పెద్ద ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చింది కేంద్రం కదా అన్నారు. కేంద్రం వాళ్ళు నా అర్జీని మర్యాదగా పంచాయతీకి పంపించారు. పంచాయతీ గుమస్తా దాన్ని నా చేతిలో పెట్టి, "టీచరమ్మా, తడిగుడ్డతో తుడుసుకుంటే పోతాది కదా, దీనికింత గొడవేటి?" అన్నాడు. వాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. వాడికి ఆ పాఠంలో ఎన్ని మార్కులు వేశానో గుర్తులేదు గానీ, వేసినన్నీ వెనక్కి తీసేసుకోవాలనిపించింది.

ఓసారి ఊరివాళ్ళ అభిప్రాయం వింటామని ఫ్యాక్టరీవాళ్ళు షామియానా వేసి మీటింగు పెట్టారు. మేనేజరు చక్కగా మాట్లాడాడు. దేశానికి ఇనుము కావాలన్నాడు. వంతెనలు, రైళ్ళు, ఓడలు, అన్నింట్లోనూ మన ఊరి చెమట ఉందన్నాడు. చెమటొక్కటేనా, మా ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి బాబూ అనుకుని లేచాను. "దేశం బాగుపడాలండీ, ఎవరు కాదన్నారు? కానీ అది బాగుపడేదాకా మా పిల్లలు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలా? దేశానికి మేం ఇనుము ఇస్తున్నాం కదా, దేశం మాకు కాస్త గాలి ఇవ్వకూడదా?" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మా ఆయన మాత్రం కాళ్ళ చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అందరికీ కూల్‌డ్రింకులు ఇచ్చారు. వాటి మీద కూడా మూతలు తియ్యకుండా పట్టుకుని కూర్చున్నాం.

ఇంటికొచ్చాక మా ఆయన మెల్లగా అన్నాడు. "నువ్వు సెప్పింది నిజమే గానీ, అక్కడ గొట్టం ముందు పెద్ద గుడ్డసంచులున్నాయే. పొగ వాటిల్లోంచి పోతే దుమ్మంతా ఆగిపోతాది. పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పాల. కరెంటు ఖర్చని రాత్రుళ్ళు ఆపేత్తారు. తిప్పితే సాలు, మనకీ బాధ ఉండదు, నా ఉద్యోగానికీ బాధ ఉండదు." ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని ఆయన మీద అరిచాను. వీధిలో ఇది తెలియనివాళ్ళు ఎవరున్నారని ఆయన తిరిగి అరిచాడు. నిజమే, నేనొక్కదాన్నే కాబోలు. తెలిసినా రుజువు ఏదీ? వాళ్ళు పగటిపూట ఎవరొచ్చి చూసినా తెల్లటి పొగ చూపిస్తారు.

ఆ మాట కూడా కలిపి ఢిల్లీకి మళ్ళీ రాశాను. ఈసారి ఏ పుణ్యాత్ముడి కంట పడిందో, గాలి కొలవమని పైనుంచి కిందకి ఆదేశం వచ్చింది. ఒక ఆఫీసరు రైల్లో ఆమదాలవలసలో దిగి, జీపులో ఒక ఇనప డబ్బాతో మా ఇంటికే వచ్చాడు. డాబా మీద పెట్టడానికి చుట్టుపక్కల ఎత్తైన ఇల్లు మాదే మరి. ఆయన గుంటూరు వైపు మనిషి, నిండైన విగ్రహం, పలకరింపు తియ్యగా ఉంది. డబ్బా మాత్రం పోస్టు డబ్బాకి గొడుగు పెట్టినట్టుంది. లోపల తెల్లటి కాగితం పెట్టి స్విచ్చి వేస్తే మిక్సీలా ఒకటే రొద. "ఇది గాలిని పీలుస్తుందమ్మా, దుమ్మంతా ఈ కాగితం మీద పడుతుంది. పగలు ఒక కాగితం, రాత్రికి ఒకటి. రాత్రి కాగితం నల్లబడితే సంచులు ఆపేస్తున్నారని అర్థం. అప్పుడు ఫ్యాక్టరీ మీద చర్య తీసుకోక తప్పదు" అన్నాడు. నా ఒళ్ళు పులకరించిపోయింది. నా పిల్ల నా దగ్గరే ఉంటుందా, భావనపాడు పోతుందా అన్నది ఆ కాగితం తేల్చేస్తుందనిపించింది.

కబురు ఊరంతా పాకింది, ఫ్యాక్టరీకి పాకకుండా ఉంటుందా? ఆ రోజు గొట్టంలోంచి వచ్చిన పొగ చూసి మా పక్కింటి మావ, ఆయన ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, మొల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. "సూడమ్మా, ఎంత సక్కగున్నాదో! పాలపొంగులాగ. సంచులన్నీ తిప్పేస్తన్నారు. ఈ రాత్రికి నీ కాగితం మల్లెపువ్వే." నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్ళూ మంచి గాలి కావాలని దేవుణ్ణి అడిగినదాన్ని, ఆ ఒక్క రాత్రికి చెడ్డ గాలి పంపించు ప్రభువా అని వేడుకున్నాను. సాయంత్రం ఆఫీసరు వచ్చి కాగితం మార్చాడు. పగలు కాగితం దాదాపు తెల్లగానే ఉంది. పొద్దున్నే వస్తానని మండలాఫీసు గదికి వెళ్ళిపోయాడు.

తెల్లారి ఆయన వచ్చి డాబా ఎక్కి, "అమ్మా!" అని పెట్టిన కేకకి వీధిలో కోళ్ళు లేచిపోయాయి. పరుగెత్తాను. మిషను లేదు. దాని చోట తెల్లచీర చుట్టుకుని ఏదో నిలబడి ఉంది, లోపల్నుంచి మూలుగు వినిపిస్తోంది. చీరని రెండు మడతలు వేసి, నున్నగా చుట్టి, మెడ దగ్గర పురికొసతో బిగించి, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టేసి ఉంది. అది మా అత్త చీర. ఆదివారం చర్చికి కట్టుకునే చీర.

"అత్తా! ఏటి సేసినావే తల్లీ!" అని నెత్తి కొట్టుకున్నాను.

మా అత్త మెట్లెక్కి వచ్చి మా ఇద్దరినీ వింతగా చూసింది. "ఏటి సేసినాను? ఢిల్లీ మిషను, ఎంత ఖరీదో ఏటో. రాత్రంతా ఆరుబైట పెట్టి ఎలిపోనాడు ఆ బాబు. దుమ్ము పడిపోదేటి? లోపల తెల్ల కాగితం కూడా ఉన్నాదంట. పాత గుడ్డ కప్పితే ఏం మర్యాదని నా మంచి చీరే కట్టినాను."

"దుమ్ము పడ్డానికే పెట్టాం మామ్మగారూ!" అన్నాడు ఆఫీసరు. ఏడుపు గొంతే.

"దుమ్ము పడ్డానికి పెట్టీవోల్లుంటారేటి?" అంది మా అత్త. ఆవిడ పుట్టిన దగ్గర్నుంచీ దుమ్ముకి దేన్నీ వదిలిపెట్టలేదు, అది ఎవరికైనా కావలసిన వస్తువని ఆవిడకెలా తడుతుంది? నాకు కోపం ముంచుకొస్తోంది, దాని వెనకే నవ్వు కూడా ముంచుకొస్తోంది. ఆఫీసరు పాపం మోటారు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు, అదృష్టం కొద్దీ కాలలేదు. ఫోన్లో పెద్ద ఆఫీసరుకి చెప్పాడు. "అవునండీ, చీరండీ. కాదండీ, కుట్ర కాదండీ, మర్యాదండీ" అని నాలుగు సార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, మిషనుకి అడ్డు ఉంటే ఆ కాగితం చెల్లదు, ఇంకో రాత్రి ఉండి మళ్ళీ తియ్యాలి.

జీపు అప్పటికే వేరే పని మీద శ్రీకాకుళం పోయింది. ఆఫీసరు బిక్కమొహం వేసుకుని మా వరండాలో కూలబడ్డాడు. మా అత్తకి తప్పు చేశానని కాకపోయినా, అతిథి మొహం చిన్నబోయిందని బాధేసింది. ఎండునెత్తళ్ళు వంకాయ కలిపి వండి, మధ్యాహ్నం ఆయనకి దగ్గరుండి వడ్డించింది. ముద్దకీ ముద్దకీ మధ్య కంచం మూసుకోమని ఆయనకి కూడా చెప్పింది. ఆయన బుద్ధిగా మూసుకున్నాడు. తిన్నాక మా హాల్లో పడుకుని గుర్రు పెట్టాడు.

ఫ్యాక్టరీవాళ్ళకి ఇవేవీ తెలియవు. జీపు ఊరు దాటిపోవడం వాళ్ళ గేటు దగ్గర మనిషి చూశాడు. ఆఫీసరు సరుకు సర్దుకుని వెళ్ళిపోయాడు, పరీక్ష పాసైపోయాం అనుకున్నారు. పొద్దు గూకేసరికి గొట్టం అసలు రంగు బయటపెట్టింది. పక్కింటి మావ పరుగున వచ్చాడు. "ఓలమ్మో, సంచులాపేసినారు! మీ అత్త కాళ్ళకి దండమెట్టుకోవే. ఆవిడ వాసెన కట్టకపోతే ఈ బాబు ఈపాటికి మల్లెపువ్వట్టుకుని రైలెక్కీసీవోడు!" మా అత్త ఇదంతా ముందే ఆలోచించి చేసినట్టు గంభీరంగా తల ఊపింది. ఆఫీసరు లేచి డాబా ఎక్కి కొత్త కాగితం పెట్టి స్విచ్చి వేశాడు. మా ఆయనకి ఆ పూట డ్యూటీ లేదు. మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎందుకంటే, "మా అమ్మ మళ్ళీ ఎక్కేత్తాదని" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మా డాబా మీద వీధంతా ఉంది. ఆఫీసరు మూత తీసి, పట్టకారుతో కాగితం పైకెత్తాడు. నల్లగా ఉంది. మసిగుడ్డ నయం. ఎవరూ కాదనలేనంత నలుపు.

"నల్లగున్నాదిరా! నల్లగున్నాది!" అని మావ కేక పెట్టాడు. ఇక చూడండి, చప్పట్లు, ఈలలు. మా అత్త స్తోత్రం చెప్పుకుంది. నేను బెల్లంముక్కలు తెచ్చి పంచాను. ఎప్పుడూ ఫ్యాక్టరీ మాటెత్తితే చెప్పులు చూసుకునే మా ఆయన కూడా ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మా గాలి అంత చెడ్డదని రుజువైనందుకు మేం అంతగా మురిసిపోయాం. ఇకమీదట ఏం జరుగుతుందని ఆఫీసరుని అడిగాను. నివేదిక పైకి వెళ్తుందన్నాడు. నోటీసు ఇస్తారు, ఫ్యాక్టరీ జవాబు చెప్పుకుంటుంది, విచారణ ఉంటుంది, ఆ తర్వాత రాత్రీపగలూ సంచులు తిప్పమని ఆదేశం వస్తుంది. "ఎన్నాళ్ళకి?" అన్నాను. "వస్తుందమ్మా, తప్పకుండా వస్తుంది. కొంచెం టైం పడుతుంది" అన్నాడు. మంచివాడు, అబద్ధం చెప్పలేకపోయాడు.

మా చిన్నది అప్పటికి మెల్లగా మెట్లెక్కి వచ్చింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి వచ్చినట్టుంది, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. జనంలోంచి దూరి కాగితం దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది.

"ఒక్క రాత్రికే ఇలాగైపోయిందా?" అని ఆఫీసరుని అడిగింది.

"అవును తల్లీ."

"మరిప్పుడు దీన్నేటి సేస్తారు?"

"దీన్ని తీసేసి కొత్తది పెడతాం."

అది కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "దీనికైతే కొత్తది పెడతారు. నాకు పెట్టరు" అంది. ఏడుస్తూ అనలేదు. నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు, నా వైపు తిరిగి చెప్పింది.

నోట్లో బెల్లం నోట్లోనే ఉండిపోయింది నాకు. ఇన్నాళ్ళూ నేను దేశంతో పోట్లాడుతున్నాననుకున్నాను. దేశం నోటీసు ఇస్తుంది, జవాబు తీసుకుంటుంది, విచారణ చేస్తుంది. చెయ్యాలి కూడా, చెయ్యకపోతే ఊరుకోను, ఇప్పటికీ నెలనెలా రాస్తూనే ఉన్నాను. కానీ అది చేసినన్ని రాత్రులూ నా పిల్ల ఆ గాలి పీల్చాలి. ఒక్క రాత్రికి ఎంతవుతుందో ఇప్పుడు కళ్ళారా చూశాను. ఇక చూడలేదని నటించడం నా వల్ల కాలేదు. జనం ఇంకా డాబా దిగకముందే మా అక్కకి ఫోన్ చేశాను. దెప్పుతుందనుకున్నాను. "తీసుకొచ్చీ" అని ఒక్క మాటే అంది.

వీధంతా గెలిచామంటూనే ఉంది. మేం ముగ్గురం ఆమదాలవలసలో రైలెక్కి, నౌపడలో దిగి, పిల్ల బట్టల సంచితో భావనపాడు చేరాం. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరమే. మా ఆయన రైల్లో తలుపు దగ్గరే నిలబడి వచ్చాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆదేశం ఇంకా రాలేదు. విచారణ జరుగుతోందట. ఆదివారాల్లో వీలైనప్పుడల్లా వెళ్ళి పిల్లని చూసి వస్తాను. అది పడవల మధ్య పరుగెడుతుంటే చూస్తూ కూర్చుంటాను. పిల్లికూతలు లేవు, బుగ్గల్లోకి రంగొచ్చింది. ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను, అంతే మంట కూడా పుడుతుంది. నా కూతురు ఊపిరి పీల్చుకోవాలంటే నా ఒళ్ళో లేకుండా పోవాలా?

మొదట్లో నేను బయల్దేరుతుంటే కాళ్ళు చుట్టేసుకునేది, ఎప్పుడు తీసుకుపోతావని అడిగేది. కిందటివారం అడగలేదు. నేనే ఉండబట్టలేక, "ఆదేశం వచ్చేస్తే ఇంటికొచ్చేద్దువుగానిలే" అన్నాను. అది "వద్దమ్మా. నువ్వే ఇక్కడికొచ్చీ" అని, తడికాళ్ళతో పిల్లల దగ్గరికి పరుగెత్తింది. మర్నాడు బడి ఉంది, సాయంత్రం రైలుకి ఒక్కదాన్నే వచ్చేశాను.